వికలాంగ సోదరులు – డ్రైవింగ్ లైసెన్సు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ బడి పంతుళ్లము. మా తెలుగులో ఉర్దూ కలిస్తే మన్నించగలరు. చదువుల గురించి మాట్లాడుమని కార్యదర్శి గారు కోరినారు. కానీ ఈ ఏడు మా మనసులో తిరుగుతున్నది వేరే ముచ్చట. వారి అనుమతితో అదే చెప్తాము.

మన ఇండ్లలో బండి మీద బతికేవారు ఎంతమందో మీకు తెలియనిది కాదు. లారీ, ఆటో, మెకానిక్ షెడ్డు, అంగడికి సామాను తోలుడు. అవే ఇండ్లలో పోలియోతో కాలు సన్నబడ్డవారున్నారు, ప్రమాదంలో చెయ్యి పోయినవారున్నారు, చెవి వినబడనివారున్నారు. వీరు బండి నేర్చుకోవచ్చునా? నేర్చుకుంటే లైసెన్సు ఆఫీసులో తమ లోపం చెప్పాలా, దాచాలా?

మా దగ్గర చదువుకున్న ఒకతను ఉన్నాడు. ఇప్పుడు ముగ్గురు పిల్లల తండ్రి. కుడికాలికి పోలియో. స్కూటరుకు పక్క చక్రాలు పెట్టించుకొని, బట్టల మూట కట్టుకొని అంగళ్లు తిరుగుతాడు. పదకొండేండ్లు లైసెన్సు లేకుండానే తిరిగినాడు. "ఎందుకు బేటా?" అంటే, "నాకెవరిస్తరు సార్? నా కాలు చూడంగనే పొమ్మంటరు" అన్నాడు. ఎవరినైనా అడిగినావా అంటే అడగలేదు! తర్వాత ఒక బ్రోకరు "ఫారంల ఏ లోపం లేదని రాయి, నేను చూసుకుంట" అన్నాడట. ఇతను అట్లనే రాసినాడు. పరీక్ష నాడు బండి దిగి నాలుగడుగులు వేసేసరికి అధికారి ఫారం చూసినాడు, కాలు చూసినాడు, వెనక్కి పంపినాడు. అందులో అధికారి తప్పేమీ లేదు.

దానిని ఫారం ఒకటి అంటారు. మూర్ఛ గాని, హఠాత్తుగా స్పృహ తప్పుడు గాని ఉన్నదా? పగటి వెలుతురులో 25 మీటర్ల దూరం నుండి కారు నంబరు ప్లేటు కనబడుతుందా? చెయ్యి గాని కాలు గాని పోయిందా, వాటిలో బలం తగ్గిందా? రంగుల తేడా తెలుస్తదా? రేచీకటి ఉన్నదా? ఇట్లాంటి ప్రశ్నలు. కింద సంతకం మనది. నలభై దాటినవారికి, లారీ, ఆటో వంటివి నడిపేవారికి డాక్టరు సంతకంతో ఫారం ఒకటి-ఏ కూడా కావాలె.

"ఉన్నది" అని రాస్తే తలుపు మూసుకుంటదని మనవాళ్ల భయం. 1988 మోటారు వాహనాల చట్టం 8వ సెక్షను చదివించుకోండి. లోపం వల్ల జనానికి ప్రమాదమైతే లైసెన్సు నిరాకరించుమన్నది. ఆ వెంటనే, అతని శరీరానికి తగ్గట్టు అమర్చిన బండిని నడపగలడని అధికారికి నమ్మకం కలిగితే ఆ బండికి ఇవ్వవచ్చునన్నది. అట్టి బండిని మొదట ఇన్వాలిడ్ క్యారేజి అనేవారు. 2019 సవరణలో అడాప్టెడ్ వెహికల్ అన్నారు. పేరు మారినందుకు మాకు సంతోషమే. ఇన్వాలిడ్ అంటే చెల్లని కాగితాన్ని అనే మాట కదా! ఒకవేళ నిరాకరిస్తే కారణం రాసి ఇవ్వాలె. 30 రోజులలో అప్పీలు చేసుకోవచ్చును. అది 17వ సెక్షను.

మా శిష్యుడు రెండోసారి ఉన్నది ఉన్నట్టు రాసినాడు. డాక్టరు కాగితం పెట్టినాడు. బండికి చేసిన మార్పును ఆర్.సి.లో ఎక్కించుకున్నాడు. లర్నింగ్ లైసెన్సు వచ్చినాక నెల రోజులు ఆగి, తన స్కూటరు మీదనే పరీక్ష ఇచ్చినాడు. లైసెన్సు వచ్చింది. పదకొండేండ్ల భయం పనికిరాని భయమయింది.

"సదరం సర్టిఫికెట్ ఉన్నది గదా, సర్కారుకు తెలుసు గదా" అని కొందరంటారు. అది పింఛను వంటి పనులకు. రవాణా శాఖకు మనమే చెప్పాలె.

మన జిల్లా పేరు నిలిపిన ఒకరిని తలుచుకుందాము. గట్టిపల్లి శివపాల్ గారు, ఎత్తు సుమారు మూడడుగులు. 2004లో కరీంనగర్ జిల్లాలో డిగ్రీ పూర్తి చేసినారు. హైదరాబాదులో ఉద్యోగం, కారు బుక్ చేస్తే డ్రైవర్లు రద్దు చేసుకునేవారట, భార్యతో బయటికి పోతే జనం మాటలు. అమెరికాలో ఒకరు పెట్టిన వీడియో చూసి, కారులో సీటు, మిగతా పరికరాలు తన ఎత్తుకు అందేటట్టు అమర్పించుకున్నారు. మిత్రుని దగ్గర నేర్చుకున్నారు. ఎత్తు నిబంధన అడ్డం వస్తే అధికారులకు విన్నవించుకున్నారు. లర్నింగ్ లైసెన్సు తీసుకొని, అధికారిని పక్కన కూర్చోబెట్టుకొని పరీక్ష ఇచ్చినారు. మరుగుజ్జు మనిషికి దేశంలో ఇదే మొదటి లైసెన్సని 2021 డిసెంబరులో పత్రికలు రాసినవి. తనవంటివారికి డ్రైవింగ్ బడి పెట్టాలన్నది వారి కోరిక. దాచుకునే వీలు లేని దేహం వారిది. దానిని చూపించే లైసెన్సు అడిగినారు.

చెవి వినబడనివారికి లైసెన్సు ఇవ్వవచ్చునని 2016లో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు సూచించింది. రంగుల తేడా కొద్దిగా, మధ్యరకంగా తెలియనివారికి 2020లో దారి తెరిచింది.

ఇక చేదు ముచ్చట. ఆదిలాబాద్ వైపు ఒక లారీ డ్రైవరు సాబ్ ఉన్నారు. నాగపూర్ రోడ్డు మీదనే జీవితమంతా. నడివయసులో మూర్ఛ మొదలైంది. రెన్యువల్ నాడు "లేదు" అని రాసినారు. "నిజం రాస్తే ఐదుగురి రొట్టె పోతది మాస్టర్ సాబ్" అన్నారు. మేము ఏమీ అనలేకపోయినాము. ఒకనాటి రాత్రి నిర్మల్ దాటినాక మహబూబ్ ఘాట్ మీద స్టీరింగు మీదనే పడిపోయినారు. క్లీనరు పిల్లవాడు లాగి లారీని గుట్ట వైపు తిప్పినాడు. అల్లా దయ, ఎవరికీ ప్రాణాపాయం కాలేదు. ఆనాడు మా నోరు ఎందుకు పడిపోయిందని ఇప్పటికీ మాకు నిద్ర పట్టదు.

కాలికి తగ్గ బండి ఉన్నది, మూర్ఛకు తగ్గ బండి లేదు. అక్కడ ఆగవలసిందే. బ్రిటనులో అట్టి జబ్బు వస్తే లైసెన్సున్నవాడే అధికారులకు తెలపాలె, లేకుంటే వెయ్యి పౌండ్ల వరకు జుల్మానా. మన దగ్గర 16వ సెక్షను కింద అధికారి ఎప్పుడైనా డాక్టరు సర్టిఫికెట్ అడగవచ్చును, రద్దు చేయవచ్చును. అయితే ఆయనకు ఎవరు చెప్తారు? 2019 సవరణ తర్వాత సొంత బండి లైసెన్సు పద్దెనిమిదేండ్లకు తీసుకుంటే నలభై వయసు దాకా చెల్లుతది. ఈ మధ్యలో షుగరు వస్తది, చూపు తగ్గుతది, కాలు తీసేస్తరు. కార్డు మాత్రం పర్సులో కొత్తగానే ఉంటది.

కాబట్టి సంఘాన్ని రెండు కోరుతున్నాము. జుమా నమాజు తర్వాత ఒక గంట ఫారాలు నింపిపెట్టే మనిషిని కూర్చోబెట్టండి. ఉర్దూ మాత్రమే వచ్చిన పెద్దలు బ్రోకరు చేతిలో పడుతున్నారు. రెండవది, జబ్బు చెప్పి లైసెన్సు వదులుకున్నవారికి వేరే పని పెట్టుకోవడానికి జకాతు నిధిలో కొంత తీయండి. ఆ డ్రైవరు సాబ్ ఇప్పుడు ఒక పంక్చరు దుకాణంలో కూర్చుంటున్నారు. సొంతంగా పెట్టుకోవడానికి గాలి మిషను కావాలె. దరఖాస్తు మేమే రాసిచ్చినాము. అది కార్యదర్శి గారి సంచిలో ఉన్నది. వచ్చే కార్యవర్గ సమావేశంలో దానిని ముందుగా తీసుకోవలసిందిగా మనవి.