ట్రాక్టరు బలము ఎందున్నది?



భారతమున కర్ణుని రథచక్రము భూమిలో క్రుంగిన ఘట్టము నెరుగనివారుండరు. గుఱ్ఱములకు సత్తువ లేక కాదు, రథికునకు శౌర్యము లేక కాదు. చక్రము కదలకపోవుటచేతనే కార్యము చెడినది. పాత ట్రాక్టరును కొనబోవు రైతునకు ఇంతకంటె మంచి పాఠము లేదు. అమ్మువాడు అశ్వశక్తి ఎంతయో చెప్పును. ఆ శక్తి చక్రమును చేరు త్రోవ యెట్టిదో చెప్పడు.

ఇంజను, క్లచ్చి, గేరుపెట్టె, డిఫరెన్షియల్, ఇరుసు, చక్రము — ఇదియే ఆ త్రోవ. ఇంజను నిమిషమునకు 2,000 చుట్లు తిరుగగా వెనుక చక్రము 20 చుట్లే తిరిగినచో, వేగము నూరవ వంతుకు తగ్గినది; రాపిడిలో పోవునది మినహా త్రిప్పుడు బలము నూరు రెట్లయినది. విశాఖపట్టణమున, రేవు దాపున కొండలుగల వన్ టౌన్‌లో, బరువు లారీ మిట్ట నెక్కునపుడు మొదటి గేరు వేయుట యిందులకే. వేగము తగ్గిన కొలది పళ్ళమీదను ఇరుసుమీదను భారము హెచ్చును. కావున ముందుగా చూడవలసినది బండి వెనుక భాగము.

1917లో అమెరికాలో వెలువడిన ఫోర్డ్‌సన్ ఎఫ్ 20 అశ్వశక్తుల బండి. దాని ఇరుసును వర్ము గేరు త్రిప్పెడిది. మరచుట్లుగల కడ్డీ పళ్ళచక్రముపై జారుచు త్రిప్పుటచే రాపిడి హెచ్చి, నడుపువాని పీట క్రిందనే వేడి పుట్టెడిది. 1945లో ఇంగ్లండున వచ్చిన ఫోర్డ్‌సన్ మేజర్ ఇ27ఎన్‌లో ఇంజను దాదాపు పాతదే. వర్మును తొలగించి బెవెల్ గేర్లను, వాని పిదప మరియొక పెద్ద పళ్ళచక్రమును అమర్చిరి. మార్చినది శక్తిని కాదు, శక్తి నడచు త్రోవను!

1946 నుండి 1956 వరకు కోవెంట్రీలో అయిదు లక్షలకు పైగా తయారైన ఫెర్గూసన్ టీఈ20కి ముందునకు 4 గేర్లు. మన దేశమున 1963లో స్థాపితమైన ఇంటర్నేషనల్ ట్రాక్టర్ కంపెనీ చేసిన బి-275కు 8. గేర్లు హెచ్చినచో నేలకు తగిన వేగము దొరకును. అయినను గేర్ల సంఖ్య వేరు, పళ్ళ గట్టిదనము వేరు.

తోటపని చేయు చిన్న యంత్రములలో పెక్కింటికి బెల్టు ఉండును. భారము మించినపుడు బెల్టు జారును, పళ్ళు దక్కును. గ్రేవ్లీ వలె గేర్లతోనే నడచుదానిలో బెల్టు జారుటచే శక్తి వృథా కాదు. కాని మొద్దు తగిలినచో దెబ్బ పళ్ళకే.

మన వరిమళ్ళలో దమ్ము చేయునపుడు ఇనుపచక్రములు కట్టుదురు. దిగబడిన బండిని కదలించుటకు క్లచ్చిని ఒక్కసారిగా వదలుట ఇరుసునకు గొడ్డలిపెట్టు. బురదనీరు సీళ్ళను దాటి లోనికి చేరును. గేరుపెట్టె నూనె పాలవలె తెల్లబడినచో నీరు కలిసినదనియు, అందు ఇనుపరజను మెరసినచో పళ్ళు అరుగుచున్నవనియు గ్రహింపవలెను. బరువు లాగునపుడు గేరు తనంతట జారిపోవు బండిని కొనరాదు.

రంగు చూచి అప్పుచేసి కొన్నవాడు, పంటకారులో బండి మూలబడినచో, వడ్డీకి వడ్డీ కట్టవలసివచ్చును. ఇట్టి గ్రంథాలయమున పురాణముల సరసనే ట్రాక్టరు నిర్వహణ పుస్తకమొకటి తెలుగున ఉండుట మేలు. కర్ణునకు ముందుగా హెచ్చరించు పుస్తకము లేదు; నేటి రైతునకు ఆ కొరత ఉండరాదు.