కారు గీసేవారు కారెక్కి తిరగాలి



ఇంజనీర్ల దినోత్సవాన కార్ల గురించి మాట్లాడటం సందర్భోచితమే. ఈ రోజు మనం తలచుకునే, మూసీ వరదల తర్వాత హైదరాబాదుకు రక్షణ పథకం వేసిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు, కార్లు మన దేశంలోనే తయారు కావాలని 1930లలో బొంబాయిలో ఫ్యాక్టరీకి ప్రణాళిక కూడా సిద్ధం చేశారు. ఈనాడు మన పెనుకొండ దగ్గరే కియా కార్లు తయారవుతున్నాయి. చేయడం వచ్చింది సరే, నడిపేవారి మనసెరిగి చేయడం వచ్చిందా?

నానో సంగతి చూడండి. స్కూటరు మీద వానలో తడుస్తూ పోయే కుటుంబాన్ని చూసి రతన్ టాటా తలపెట్టిన కారది. 2008లో ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో లక్ష రూపాయల కారుగా లోకానికి చూపించారు. ఇంజనీరింగ్ తీసిపారేయదగ్గది కాదు. 624 సీసీ ఇంజన్‌ను వెనక్కి నెట్టి, అంత చిన్న కారులో నలుగురికి చోటు చేశారు. కానీ మొదట్లో వెనక డిక్కీ తెరుచుకునేది కాదు, సామాను లోపలినుంచే సర్దుకోవాలి. తెరుచుకునే డిక్కీ 2015లో గానీ రాలేదు. అన్నిటికన్నా పెద్ద దెబ్బ, ‘అతి చవక కారు’ అన్న ముద్ర. మన ఇళ్లలో మొదటి కారంటే గుడికి తీసుకెళ్లి పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, బంధువులందరికీ చూపించుకునేది. చవకదని ఊరంతా చెప్పుకునే వస్తువుకు ఆ వేడుక చేయడానికి ఎవరికి మనసొప్పుతుంది? ఆ ప్రచారం పొరపాటేనని తర్వాత రతన్ టాటాయే అన్నారు. కుటుంబం తడవడం కంపెనీకి కనిపించింది, దాని పరువు మాత్రం లెక్కకు రాలేదు.

కొన్నిసార్లు కొనేవారిని అసలు చూడనే చూడరు. 2006 బడ్జెట్లో నాలుగు మీటర్లలోపు చిన్న కార్లకు ఎక్సైజు సుంకం తగ్గించాక, కంపెనీలు సెడాన్ల డిక్కీలు కుదించడం మొదలుపెట్టాయి. అది సుంకం కోరిన కారు, డ్రైవరు కోరిన కారు కాదు.

మరి డ్రైవరు కోరేదేమిటో ఎలా తెలుసుకోవాలి? టొయోటాలో యూజి యొకోయా అనే ఇంజనీరుకు 2004 మోడల్ సియెన్నా వ్యాను బాధ్యత అప్పగించారు. ఆయన అమెరికా 50 రాష్ట్రాలు, కెనడా, మెక్సికోలలో 53,000 మైళ్లు తిరిగాడు. మిసిసిపీ నది వంతెన మీద పక్కగాలికి బండి ఊగడం, శాంటా ఫే ఇరుకు వీధుల్లో మలుపు తిరగకపోవడం నడిపి చూస్తేనే తెలిశాయి. దూర ప్రయాణాల్లో అమెరికన్లు కారులోనే తిని తాగుతారని గమనించి కప్పులు పెట్టుకునే చోట్లు పెంచాడు. ఇవి ఏ సర్వే కాగితంలోనూ దొరికేవి కావు.

ఇప్పుడు కార్లలో తెరల మోజు చూస్తున్నాం. చాలావాటిలో ఏసీ తగ్గించాలన్నా తెర మీదే వెతుక్కోవాలి, ఆ క్షణం కళ్లు రోడ్డు మీద ఉండవు. పాత బటన్‌ను చెయ్యి చూడకుండానే పట్టుకునేది. కార్ల భద్రతకు మార్కులిచ్చే యూరో ఎన్‌క్యాప్ 2026 నుంచి ఇండికేటర్లు, హజార్డ్ లైట్లు, హారన్, వైపర్లు, అత్యవసర పిలుపు, ఈ ఐదింటికీ విడి మీటలు లేకపోతే పూర్తి మార్కులు ఇవ్వనంటోంది. డ్రైవర్లు ఏళ్లుగా చెబుతున్నది నియమంగా మారితే గానీ చెవికెక్కలేదు.

యువ ఇంజనీర్లకు నా మనవి. విజయవాడ రోడ్డు మీద రాత్రుళ్లు ట్యాక్సీ నడిపేవారి పక్కన కూర్చోండి. ఏ బోల్టు విప్పడానికి చెయ్యి దూరదో ఆటోనగర్ మెకానిక్‌ను అడగండి. చీరకట్టులో కారు నడిపే ఆడవారు ఎక్కడానికీ దిగడానికీ ఏం ఇబ్బంది పడుతున్నారో చూడండి. కంపెనీల పెద్దలకు మరో మాట. డిజైను మీద సంతకం పెట్టే ప్రతి ఒక్కరూ ముందుగా ఆ కారును ఇంటిల్లిపాదితో నెల రోజులు నడపాలని నియమం పెట్టండి. జనం కోరే కారు అక్కడినుంచే మొదలవుతుంది.