మూగ ఎద



ఆవుగాని, గేదెగాని చూలు నిలువనిచో ఇంచుమించు 21 దినముల కొకమారు ఎదకు వచ్చును. ఆవు సాధారణముగా అరచి తెలుపును. గేదె పెక్కుమారులు అరవక ఊరకుండును. ఇదియే మూగ ఎద. తీగవలె సాగు జిగురు, మాటిమాటికి మూత్రము, పాలు తగ్గుట దాని గుర్తులు.

గేదెలు ఎక్కువగా ఎదకు వచ్చునది అక్టోబరు మొదలు ఫిబ్రవరి వరకు. గుంటూరు, ప్రకాశం జిల్లాలలో పత్తితీత, మిరపకోతలు ముమ్మరమగునదియు ఆ కాలముననే. ఇంటిల్లిపాదియు చేలో నుండగా కొట్టములోని ఎదను కనిపెట్టువారు లేక, ఈనవలసిన పశువు గొడ్డుదని సంతకు పోవుచున్నది. తప్పిన ప్రతి ఎదకును మూడు వారముల మేత దండుగ.

కావున వేకువను, రాత్రి పరుండబోవు ముందును పశువును చూడవలెను. ఉదయము ఎద కనబడినచో ఆ సాయంకాలము, సాయంకాలము కనబడినచో మరునాటి ఉదయము గర్భధారణ చేయింపవలెను. ఆ తేదీని పంచాంగపు అంచున వ్రాసికొనుడు. చదువు వచ్చిన ఇంట ఈ లెక్క తప్పరాదు.