పీఓపీ ఆరదు, గట్టిపడుతుంది

ఈ మధ్య రీల్స్‌లో చేతి అచ్చులు తెగ కనిపిస్తున్నాయి కదా. కొత్త జంట చేతిలో చెయ్యి వేసి బకెట్‌లో ముంచుతారు, కాసేపటికి ఆ చేతులే అచ్చంగా తెల్ల బొమ్మగా బయటికి వస్తాయి. గీతలు, గోళ్లు, ఉంగరం, అన్నీ ఉంటాయి. చూడ్డానికి చాలా బాగుంటుంది. ఇబ్బంది ఎక్కడంటే, ఆ బకెట్‌లో ఉన్నది పీఓపీ అనుకుని, హార్డ్‌వేర్ షాపు నుంచి బస్తా తెచ్చి, కలిపి, చెయ్యి పెట్టేసేవాళ్లు ఉంటారు. దయచేసి ఆ పని మాత్రం చెయ్యకండి.

2007లో ఇంగ్లండ్‌లో ఒక స్కూల్లో పదహారేళ్ల అమ్మాయి ఆర్ట్ క్లాసులో చేతుల బొమ్మ చేద్దామని పీఓపీలో రెండు చేతులూ పెట్టింది. అది గట్టిపడింది, వేడెక్కింది, చేతులు బయటికి రాలేదు. ఆ కాలిన గాయాలకి ఆమె చాలా వేళ్లు కోల్పోయింది. మంట లేదు, స్టవ్ లేదు. ఉన్నది తెల్ల పొడి, మామూలు నీళ్లు, అంతే.

మరి ఆ వేడి ఎక్కణ్నుంచి వచ్చింది? ఇది అర్థమైతే పీఓపీ గురించి మిగతావన్నీ అర్థమవుతాయి. జిప్సం అనేది భూమిలో దొరికే ఖనిజం. మన దేశంలో ఎక్కువగా రాజస్థాన్‌లో తవ్వుతారు. ఆ రాయి లోపలే నీళ్లు ఉంటాయి. తడిగా ఉంటుందని కాదు, దాని నిర్మాణంలోనే నీళ్లు బిగుసుకుని ఉంటాయి. 100 కిలోల స్వచ్ఛమైన జిప్సంలో దాదాపు 21 కిలోలు నీళ్లే! దాన్ని 150 డిగ్రీల దగ్గర కాల్చితే ఆ నీళ్లలో ముప్పావు వంతు పోతుంది. మిగిలిన పొడే ప్లాస్టర్ ఆఫ్ పారిస్. పారిస్‌లో మోన్‌మార్త్ర్ కొండ దగ్గర ఒకప్పుడు జిప్సం బాగా తవ్వేవాళ్లు, అందుకే ఆ పేరు.

మనం నీళ్లు కలిపితే ఏమవుతుందంటే, పోయిన నీళ్లని ఆ పొడి మళ్లీ లాక్కుంటుంది, మళ్లీ జిప్సం అయిపోతుంది. సన్నటి సూదుల్లాంటి స్ఫటికాలు పుట్టి ఒకదాంట్లో ఒకటి చిక్కుకుంటాయి. అదే గట్టిపడటం. కాల్చినప్పుడు పెట్టిన వేడిలో కొంత ఇప్పుడు బయటికి వస్తుంది. అంటే పీఓపీ ఆరిపోయి గట్టిపడేది కాదు, రసాయన చర్య వల్ల గట్టిపడేది. నీళ్ల అడుగున పోసినా గట్టిపడుతుంది. పెద్ద ముద్దగా ఉంటే లోపల 60 డిగ్రీల దాకా వెళ్లగలదు. ఆ వేడికి చర్మం కాలడానికి కొన్ని సెకన్లు చాలు.

అయితే డాక్టర్లు చేతికి కట్టు వేస్తారు కదా అంటారా? వేస్తారు. కింద దూది పొర, పైన పలచటి పట్టీలు, తడపడానికి చల్లటి లేదా గోరువెచ్చటి నీళ్లు. వేడి బయటికి పోతుంది. 1851లో డచ్ ఆర్మీ డాక్టర్ ఆంటోనియస్ మాథైసెన్ తయారుచేసిన పద్ధతి అది. రీల్స్‌లో ఉండే కిట్ వేరు. చెయ్యి ముంచేది ఆల్జినేట్‌లో, సముద్రపు నాచు నుంచి తీసే జెల్లీ లాంటిది, పళ్ల డాక్టర్లు అచ్చు తీసుకునేది. చెయ్యి తీసేశాక ఆ ఖాళీలో పీఓపీ పోస్తారు. గట్టిపడేటప్పుడు పీఓపీ కొంచెం ఉబ్బుతుంది, అందుకే వేలిముద్రలు కూడా పడతాయి.

ఇప్పుడు తలెత్తి పైకి చూడండి. ఫాల్స్ సీలింగ్ కూడా ఇదే సరుకు. జిప్సం బోర్డు అంటే గట్టిపడిన జిప్సం పలకకి రెండు వైపులా దళసరి కాగితం. మన దగ్గర సీలింగ్‌కి ఎక్కువగా వాడేది పన్నెండున్నర మిల్లీమీటర్ల మందం. మంట తగిలితే లోపల ఉన్న ఆ 21 శాతం నీళ్లు ఆవిరవుతూ వేడిని మింగేస్తాయి. ఆ నీళ్లు అయిపోయేదాకా వెనకవైపు 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. మనకి బయటికి పరిగెత్తడానికి కొంత టైమ్ దొరుకుతుంది. కాగితం, తెల్ల పొడి అని తేలిగ్గా తీసిపారేసేవాళ్లకి ఈ ముక్క చెప్పండి.

కానీ నీళ్లు కారితే మాత్రం బోర్డు తట్టుకోదు. జిప్సం నీళ్లలో కొద్దికొద్దిగా కరుగుతుంది, కాగితం నానుతుంది. బాత్రూమ్‌లకి పచ్చ రంగు బోర్డు ఇస్తారు, అది తేమని తట్టుకుంటుంది తప్ప లీకేజీని కాదు. సీలింగ్ మీద పసుపు మరక కనిపిస్తే పుట్టీ పెట్టి రంగు వేయించకండి. ముందు పైన స్లాబ్ సంగతి చూడాలి. ఇంకోటి, ఫ్యాన్ బరువు బోర్డు మీద పడకూడదు. రాడ్ స్లాబ్‌లో ఉన్న కొక్కేనికే బిగించాలి.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి వినాయకుడి సంగతి. కరుగుతుంది అన్నావు, మరి చెరువులో పీఓపీ విగ్రహం ఎందుకు కరగదు? లీటరు నీళ్లలో రెండు గ్రాములకి కాస్త పైన, అంతే కరిగేది. సీలింగ్ పాడవడానికి అది చాలు, పెద్ద విగ్రహం కరగడానికి చాలదు. మట్టి బొమ్మ నిజంగా ఆరిందే, అందుకే నీళ్లు తగిలితే మళ్లీ బురదవుతుంది. 2020లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పీఓపీ విగ్రహాలు వద్దని మార్గదర్శకాలు ఇచ్చింది. ఖైరతాబాద్ గణేశుడంతటి విగ్రహాన్నే 2022లో మట్టితో చేశారు కాబట్టి, పెద్ద బొమ్మ మట్టితో కుదరదనే వాదన నాకైతే నిలబడదనిపిస్తుంది.

ఇంట్లో చిన్న బొమ్మలు చేసేవాళ్లకి రెండు మాటలు. నీళ్లలో పొడి చల్లుతూ కలపండి, పొడి మీద నీళ్లు పోస్తే ఉండలు కడుతుంది. గట్టిపడటం మొదలయ్యాక మళ్లీ నీళ్లు పోయొద్దు, ఆ బ్యాచ్ అయిపోయినట్టే. వానాకాలంలో బస్తా మూతి గట్టిగా కట్టండి, గాలిలో తేమ తాగిన పొడి సరిగ్గా పట్టదు. మిగిలింది సింక్‌లో పోశారో, పైపు లోపలే రాయి అవుతుంది. బకెట్‌లోనే గట్టిపడనిచ్చి, పగలగొట్టి చెత్తలో వెయ్యండి.

వచ్చే ఎపిసోడ్‌లో సున్నం. ఉంటాను మరి.