పిట్ట పేరులో ఊరి మాట



తెలంగాణలోని మన రాయికోడ్ కందిచేలల్లో రైతు నోట రోజూ వినబడే ‘పిట్ట’ అనే మాట ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా దాకా పక్షిశాస్త్రజ్ఞులందరికీ తెలుసు. ఆ ప్రయాణం మద్రాసులో మొదలైంది. సెయింట్ జార్జి కోటలో వైద్యుడైన ఎడ్వర్డ్ బల్క్‌లీ అక్కడి పక్షుల బొమ్మలు ఇంగ్లండుకు పంపాడు. 1713లో అచ్చయిన జాన్ రే పక్షుల గ్రంథంలో జేమ్స్ పెటివర్ వాటి వివరాలు చేర్చాడు. వాటిలో ఒకటి ‘పొన్నంగి పిట్ట’.

1766లో ప్రకృతి శాస్త్రజ్ఞుడు లినేయస్ దాన్ని కాకుల సరసన చేర్చి, తోక పొట్టి కనుక ‘కోర్వస్ బ్రాకియూరస్’ అన్నాడు. 1816లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వియ్యో ‘పిట్టా’ అనే ప్రజాతిని ఏర్పరచాడు. ఇప్పుడది పిట్టా బ్రాకియూరా. అంగోలా పేరు మోసే ఆఫ్రికా పక్షి పిట్టా అంగొలెన్సిస్. ఈ పక్షుల కుటుంబానికే పిట్టిడే అని పేరు.

శాస్త్రీయ నామంలో మొదటి మాట ప్రజాతిది, రెండోది జాతిది. రెండూ కలిస్తే చూసినవాడి చూపు కొంత బయటపడుతుంది. తీతువ ‘వానెల్లస్ ఇండికస్’. లాటిన్‌లో వానెల్లస్ అంటే చిన్న చేట. ఆ రెక్కల కదలికలో చెరిగే చేట కనిపించింది. గోరింక ‘అక్రిడోథెరెస్ ట్రిస్టిస్’. గ్రీకులో మొదటి మాటకు మిడతల వేటగాడని అర్థం. పంటచేలో గోరింక చేసే మేలు ఆ పేరులోనే ఉంది.

పేర్లలో పొరపాట్లూ నిలిచిపోయాయి. గిజిగాడు ‘ప్లోసియస్ ఫిలిప్పినస్’. మొదటి మాట నేతగాడని చక్కగా చెబుతుంది. రెండోది ఫిలిప్పీన్స్‌ను సూచిస్తుంది కానీ, ఆ పక్షి సహజంగా అక్కడ ఉండదు. ముందు ప్రకటించిన పేరుకే ప్రాధాన్యమన్న నియమం వల్ల అది మారలేదు. తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట ‘కొరాసియస్ బెంగాలెన్సిస్’. దసరానాడు దాన్ని చూసేందుకు పొలాలకు వెళ్లే మనకు బెంగాల్ పేరు వింతగా తోచవచ్చు. మొదటి వర్ణన ఏ ప్రాంతాన్ని ప్రస్తావించిందో ఆ పేరే అతుక్కుపోయింది.

ఊరివాళ్ల ఎరుక ఎంత విలువైనదో కలివి కోడి అనే పక్షి కథ చాటింది. 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ దానికి ‘బైటార్క్వేటస్’ అని జాతి పేరు పెట్టాడు, అంటే మెడచుట్టూ రెండు పట్టీలున్నది. 1900 తర్వాత అది కనబడలేదు, అంతరించిందనుకున్నారు. 1986లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ కడప జిల్లాలో దాన్ని తిరిగి కనుగొన్నారు. దారి చూపింది స్థానికంగా పిట్టలు పట్టేవాళ్లే.

కాబట్టి రాయికోడ్ బడుల్లో ఈ పని చేయవచ్చు. పిల్లలు పసుల కాపరులనూ, కూలి తల్లులనూ, ముసలివాళ్లనూ అడిగి, ఒక్కో పక్షికి ఊరి పేరు, శాస్త్రీయ నామం, చూసిన తావు, తేదీ ఒకే వరుసలో రాసుకోవాలి. ఒకే పిట్టకు పక్క ఊళ్లో వేరే పేరుంటే అదీ చేర్చాలి. ఆ పుస్తకం ఏటేటా పై తరగతివాళ్ల నుంచి కింది తరగతివాళ్ల చేతికి అందాలి.