‘రద్దు’ వేరు, ‘నిర్మూలన’ వేరు
(శుక్రవారం మీటింగ్‌లో చెప్పిన మాటలు, డ్యూటీ వల్ల రాలేకపోయినవారి కోసం)

ఈరోజు ఒక్క మాట గురించే చెప్తా. బానిసత్వ నిర్మూలనవాది. నోరు తిరగదు గానీ అర్థం సులువే. నిర్మూలన అంటే మూలమే లేకుండా చేయడం, వేరుతో సహా పీకేయడం. బానిసత్వాన్ని అట్లా పీకేయాలని కొట్లాడినవాళ్లకు ఆ పేరు.

మనం మామూలుగా వాడేది ‘రద్దు’. అది అరబీ నుంచి ఉర్దూ మీదుగా మనకొచ్చిన మాటే. ఇక్కడ ‘రద్’ అని రోజూ వింటూనే ఉంటారు. రద్దు కాగితం మీద జరిగిపోతుంది. వేరు మిగిలితే మళ్లీ మొలుస్తుంది.

ఎట్లా మొలిచిందో చూడండి. 1833లో బ్రిటిష్ పార్లమెంటు బానిసత్వాన్ని రద్దు చేసింది. నష్టపరిహారం 2 కోట్ల పౌండ్లు ఇచ్చింది. ఎవరికి? యజమానులకు! బానిసలకు పైసా లేదు. 1834 నుంచే మారిషస్ చెరుకు తోటలకు మన దేశం కూలీలను ఒప్పందం మీద ఓడలెక్కించారు. కోరంగి రేవు నుంచి మన తెలుగోళ్లూ పోయారు. పని మానేస్తే జైలు. పేరు మారింది, అంతే.

మన దగ్గర దాని పేరు వెట్టి. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిచాకిరిని నిషేధించింది. 1976 చట్టమైతే వెట్టికి కారణమైన అప్పునే చెల్లదంది. నా దృష్టిలో వేరు మీద పడ్డ దెబ్బ అదే.

మరి ఇక్కడ? సౌదీలో బానిసత్వం 1962లో రద్దయింది. కానీ అంతర్జాతీయ కార్మిక సంస్థ 1930 నుంచే ఇంకో మాట వాడుతోంది, నిర్బంధ శ్రమ అని. శిక్ష పడుతుందని బెదిరించి, ఇష్టం లేని మనిషితో చేయించే పని అది. పాస్‌పోర్టు గుంజుకోవడం, జీతం ఆపడం, అప్పులో ఇరికించడం, బయటికి పోనీయకపోవడం దాని గుర్తులు. మేనేజర్ తిట్టిండు, ఎండలో పని కష్టమైంది అంటే అదీ ఫిర్యాదే, కాని వేరే ఫిర్యాదు. రెండూ కలపొద్దు.

అందుకే ఎంబసీకి గానీ, మదద్ పోర్టల్‌లో గానీ రాసేటప్పుడు “బానిసలెక్క చూస్తున్నరు” అని ఒక్క ముక్క రాసి వదలకండి. పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంది, ఏ తారీఖు నుంచి, ఎన్ని నెలల జీతం రావాలి, ఏజెంటుకు ఎంత కట్టారు, క్యాంపు గేటు దాటనిస్తున్నారా, ఇవి రాయండి. రాయడం రానివాళ్లు గ్రూపులో వాయిస్ పెట్టండి, కలిసి రాద్దాం.