అచలము చలించినపుడు

(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



మేము ఉపాధ్యాయులముగా నున్న కాలమున అమరకోశమందలి పర్వతనామములను బాలురచే వల్లె వేయించుచు, అచలమనగా కదలనిదనియు, అహార్యమనగా ఎవ్వరును గొనిపోజాలనిదనియు చెప్పుచుంటిమి. ఆ యర్థములు ఎల్లయెడల చెల్లవని కాలము మాకు బోధించినది. 2024వ సంవత్సరము జూలై 30వ తేదీన, అర్ధరాత్రము దాటిన పిమ్మట, కేరళమందలి వయనాడులో ముండక్కై, చూరల్‌మల గ్రామములపై కొండ విరిగిపడి రెండువందలకు పైగా జనులు మృతినొందిరి. నెల తిరిగి ఆగస్టు 31వ తేదీన మన విజయవాడ మొగల్రాజపురమున భారీవర్షమునకు చరియ విరిగి, బండలు దిగువ నిండ్లపై బడి పలువురు ప్రాణములు గోల్పోయిరి.

ఈ ప్రసంగము ఈ సభలో నేలయని తమరు శంకింపవచ్చును. మన విద్యార్థి వసతిగృహమునకై ఒక వదాన్యులు కొండదిగువ స్థలమును సంఘమునకు దయచేసిరి. వారి యౌదార్యమునకు మేము ముందుగా నమస్కరించుచున్నాము. అయినను శంకుస్థాపనకు పూర్వమే ఆ స్థలమును పరీక్షింపవలెనని మా విన్నపము.

కొండ జారునా యనునది ఒక ప్రశ్న. జారినచో ఈ కట్టడమునకు ఎంత హాని యనునది వేరొక ప్రశ్న. మొదటిదానికై భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థవారు 2014లో కార్యమారంభించి పటములు సిద్ధపరచిరి. రెండవదానిని నిపుణులు సున్న మొదలు ఒకటి వరకు గల సంఖ్యతో కొలుతురు. సున్న యనిన చెక్కుచెదరకుండుట. ఒకటి యనిన సర్వనాశము. ఈ సంఖ్య ఇంటి బలమునుబట్టియే గాక, దానికి దగులు దెబ్బనుబట్టియు మారును.

నేల మెల్లగా జరుగుచోట పునాది ప్రధానము. పునాది యంతయు ఒక్కటిగా బిగింపబడిన ఇల్లు ఒరిగినను మొత్తముగా ఒరుగును; విడివిడి పునాదులపై నిలిచినది తలయొక దిక్కునకు లాగబడి బీటలు వారును. బురద వేగముగా వచ్చుచోట కొండవైపు గోడ ప్రధానము. ఇటుకగోడ మీది బరువును మోయును గాని ప్రక్కనుండి వచ్చు త్రోపునకు తాళజాలదు. మట్టితో పేర్చిన రాతిగోడ అంతకంటెను దుర్బలము. ఇనుము కూర్చిన కాంక్రీటు స్తంభములున్నచో గోడ కూలినను కప్పు నిలుచుటకు అవకాశము గలదు. కొండవైపు పెద్ద కిటికీలుండిన బురద తిన్నగా లోపలికి జొచ్చును. ఇక కొండవాగు దిగివచ్చు త్రోవలో కట్టిన ఇంటికి ఈ బలములేవియు చాలవు. వయనాడున పక్కా కట్టడములును కొట్టుకొనిపోయినవి. కావున స్థానబలము ముందు, గృహబలము తరువాత.

ఇంటి హాని వేరు, ఇంటనున్నవారి హాని వేరు. ఒక్క గోడ కూలిన కట్టడమునకు స్వల్పనష్టమే. ఆ గోడ ప్రక్క బాలురు నిద్రించుచుండిన ఆ నష్టమును ఏ సంఖ్య కొలువగలదు? కొండవైపున సామానుగదులను, ఆవలివైపున శయనశాలలను ఉంచుట ఈ కారణముననే మేలు.

పరీక్షకులు చూడవలసినవి కొన్ని గలవు. నేలను చదును చేయుటకు కొండపాదమును త్రవ్విరా? పైవాలున క్రొత్త నెఱ్ఱెలు పుట్టినవా? చెట్లు ఒరిగినవా? ఊటనీరు హఠాత్తుగా బురదబారినదా? అడ్డుగోడ ఉబ్బినదా, దాని నీటితూములు పూడినవా? కొండదాపున నివసించు మన బాంధవులు తమ యిండ్లలో బిగుసుకొనిన తలుపులను, వెడల్పగుచున్న పగుళ్లను ఉపేక్షింపరాదు.

భూవిజ్ఞానియు, ఇంజనీరును కూడిన యొక ఉపసంఘమును ఈ సభయే నియమింపవలెనని మేము ప్రతిపాదించుచున్నాము. వారు వలదన్నచో ఆ స్థలమును తోటగా పెంచి, వసతిగృహమును వేరొకచోట అదే దాతగారి పేర నిర్మింతము. దానమహిమకు అందువలన లోపము రాదు. బిడ్డలను మన చేతికప్పగించు తల్లిదండ్రులు కొండను నమ్మి పంపుటలేదు, మనలను నమ్మి పంపుచున్నారు.

స్వస్తి.